పీసీఓఎస్ ప్యాకేజీ: హార్మోన్ల వరకు సరే, గుండె సంగతే గందరగోళం

ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ఒక ల్యాబులో పీసీఓఎస్ (హార్మోన్లు అదుపు తప్పి నెలసరి గాడితప్పే అండాశయాల సమస్య) 'కంప్లీట్' పరీక్షల ప్యాకేజీ చేయించుకున్నాను. పేరు చెప్పను. ఇలాంటివి ఇప్పుడు చాలానే ఉన్నాయి కాబట్టి ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

రక్తం తీసిన అమ్మాయి చేయి మంచిది. నా నరం ఒకపట్టాన దొరకదు, ఆ అమ్మాయి మాత్రం ఒక్క పోటుతో తీసేసింది. సాయంత్రానికల్లా రిపోర్టు ఫోనుకు వచ్చింది. టెస్టోస్టిరాన్, ఏఎంహెచ్, థైరాయిడ్, ప్రొలాక్టిన్ అన్నీ ఉన్నాయి. ఇంతవరకు వంక పెట్టడానికేం లేదు.

నా గొడవంతా ఆఖరి పేజీతోనే. హెచ్‌ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోలోపలి వాపు, ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 11.8, పక్కన ఎర్రక్షరాల్లో 'గుండెకు అధిక ముప్పు'. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. తెల్లారగానే వాళ్ల ఫోను, ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే సప్లిమెంట్లు కొనమని! అప్పుడు నాకు జలుబు, గొంతునొప్పి. శాంపిల్ తీసేముందు ఆ మాట అడిగినవాళ్లు లేరు. మా డాక్టరుగారు చూసి నవ్వేశారు. ఇది 10 దాటితే ముందు ఇన్‌ఫెక్షన్‌ని అనుమానించాలట. జలుబు పూర్తిగా తగ్గాక మళ్లీ చేయిస్తే 2.4 వచ్చింది. 1 నుంచి 3 మధ్య ఉంటే ముప్పు ఒక మోస్తరన్నమాట.

అలాగని కొట్టిపారేసే విషయం కాదని ఆవిడే చెప్పారు. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో స్వల్ప స్థాయి ఇన్‌ఫ్లమేషన్ ఎడతెగకుండా ఉంటుంది, తెల్లకణాలు కూడా సగటున కాస్త ఎక్కువే. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, పొట్టలో పేరుకున్న కొవ్వు దీన్ని ఎగదోస్తాయి. ఆ కొవ్వులో చేరిన, చెత్తను మింగేసే మాక్రోఫేజ్‌ కణాలు టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 లాంటి, ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచే పదార్థాలు వదులుతుంటాయి. రక్తంలో తిరిగే మోనోసైట్లనే తెల్లకణాలు ధమని గోడలోకి దూరి, మాక్రోఫేజ్‌లుగా మారి, అక్కడి కొలెస్ట్రాల్‌ను మింగి ఉబ్బిపోతాయి. పూడిక మొదలయ్యేది అక్కడే. నా తెల్లకణాలు 9,800. జలుబులో తీసిన ఆ ఒక్క అంకెతో గుండె జాతకం చెప్పలేం అన్నారు.

ఆవిడ పెన్నుతో సున్నా చుట్టింది వేరేచోట: ట్రైగ్లిజరైడ్లు 178, మంచి కొలెస్ట్రాల్ 41. ఆడవాళ్లకు ఈ రెండోది 50కి తగ్గకూడదు. రిపోర్టులో వీటికి చిన్నక్షరాల్లో 'బార్డర్‌లైన్', అంతే.

ఇక 'కంప్లీట్' అన్న ప్యాకేజీలో బీపీయే లేదు. పీసీఓఎస్‌తో గుండెజబ్బుల ముప్పు పెరుగుతుందని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్పాయి, బీపీ ఏటా చూడాలన్నాయి. షుగర్‌కైతే 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూసే పరీక్షే అన్నిటికన్నా నమ్మకమైనది. వీళ్లు ఫాస్టింగ్‌తో సరిపెట్టారు.

రక్తం తీసిన తీరుకు ఐదు స్టార్లు, రిపోర్టుకు రెండు. హార్మోన్ల కోసమైతే తీసుకోండి, బీపీ, గ్లూకోజు పరీక్ష మాత్రం బయట చేయించుకోండి. వద్దని చెప్పినా సప్లిమెంట్ల ఫోన్లు ఆగలేదు, నంబరు బ్లాక్ చేశాను.