టిడ్కో ఫ్లాటులో దిగేముందు: నెల్లూరు అంచు కాలనీల్లో ఇల్లు, నీళ్లు, బస్సు

నెల్లూరులో ఇల్లు దొరకడం ఒక ఎత్తు, ఆ ఇంట్లో ఉంటూ రోజూ పనికి వెళ్లి రావడం ఇంకో ఎత్తు. వెంకటేశ్వరపురం, అల్లీపురం, కల్లూరుపల్లి, అక్కచెరువుపాడు ప్రాంతాల్లో టిడ్కో (పట్టణ పేదల ఇళ్లు కట్టే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) కట్టిన జీ ప్లస్ త్రీ, అంటే నేల అంతస్తు మీద మూడంతస్తుల బ్లాకుల్లో దిగబోయే లబ్ధిదారులకు, అక్కడ అద్దెకు చూసుకుంటున్నవాళ్లకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాం. తీర్పు ముందే చెప్పేస్తాం. కట్టుబడి పద్ధతికి మంచి మార్కులు వేయొచ్చు. ఎండకు, నీళ్లకు సగం మార్కులు. గట్టిగా ఆలోచించుకోవాల్సింది రాకపోకల దగ్గరే. గోడలో లోపముంటే ఒకసారి ఖర్చుపెట్టి బాగుచేసుకోవచ్చు. బస్సు లేని ఇంటికి మాత్రం నెలనెలా కట్టుకుంటూనే ఉండాలి.

ఫ్లాట్లు మూడు కొలతల్లో ఉన్నాయి. 300, 365 చదరపు అడుగులవి ఒక పడకగది ఇళ్లు, 430 అడుగులది రెండు పడకగదులది. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం కింద వచ్చినవే ఇవన్నీ. 2019 తర్వాత 300 అడుగుల ఇంటిని ఒక్క రూపాయికే ఇస్తామన్నారు. లబ్ధిదారు ముందుగా కట్టాల్సిన వాటాను 365 అడుగులదానికి 25 వేలకు, 430 అడుగులదానికి 50 వేలకు తగ్గించారు. ఈ రెండు కొలతల్లో సబ్సిడీ పోను మిగతా భారం బ్యాంకు లోనుది. కాబట్టి తాళాలు తీసుకునే ముందే లోను ఎంత మిగిలింది, కిస్తీ ఏ తేదీన పడుతుంది, మొదటి కిస్తీ ఎప్పటినుంచి అని బ్యాంకులో కాగితం మీద రాయించుకోండి. ఎవరైనా ‘అగ్రిమెంటు రాసిస్తాం, కొనుక్కో’ అంటే ఒప్పుకోవద్దు. లోను తీరని ఫ్లాటు బ్యాంకు తాకట్టులో ఉన్నట్టే.

ఇక గోడల సంగతి. వీటిలో ఇటుక కనపడదు. అల్యూమినియం షట్టరింగ్ నిలబెట్టి, నడుమ కడ్డీల జాలీ, కరెంటు పైపులు అమర్చి, గోడా స్లాబూ కలిపి కాంక్రీటు పోసేస్తారు. దీన్నే షియర్ వాల్ అంటారు. గోడే స్తంభం, గోడే దూలం. సరిగ్గా పోసి, సరిగ్గా తడిపిన షియర్ వాల్ ఇల్లు గాలివానకు గానీ భూకంపానికి గానీ మామూలు ఇటుక గోడకంటే బాగా నిలబడుతుంది. మన తీరంలో అది చిన్న విషయం కాదు. అయితే ఆ బలమే ఒక కట్టుబాటు కూడా. వంటగది గోడ తీసేసి హాలు పెద్దది చేసుకుందాం, కిటికీ వెడల్పు చేద్దాం అంటే కుదరదు. పై అంతస్తుల బరువు మోస్తున్న కడ్డీలు తెగుతాయి, దాని ఫలితం మీ ఇంటితో ఆగదు. ఏసీ పైపు కోసం కోర్ కటింగ్ (మెషీనుతో గోడకు గుండ్రటి కన్నం) చేయించాలన్నా ఇంజనీరుకు చూపించాకే.

సామాను సర్దుకునేటప్పుడు అందరికీ ఎదురయ్యే చిక్కు మేకు. కాంక్రీటులోకి మేకు దిగదు. వంగిపోతుంది, లేదా చుట్టూ అరచెయ్యంత పెచ్చు ఊడిపోతుంది. హ్యామర్ డ్రిల్లు తెప్పించి, 6 మిల్లీమీటర్ల బిట్టుతో కన్నం వేసి, ప్లాస్టిక్ ప్లగ్గు కొట్టి స్క్రూ బిగించాలి. స్విచ్చుబోర్డుకు నేరుగా పైనా కిందా అసలు వేయొద్దు, వైర్ల పైపు ఆ వరసలోనే పోతుంది. పక్కనైతే జానెడు వదిలి వేయండి. డ్రిల్లు కొంచెం దిగాక గంట కొట్టినట్టు మోగి ఆగిందంటే కడ్డీ తగిలినట్టు. బలంగా నొక్కకుండా రెండంగుళాలు జరిపి ఇంకోచోట వేసుకోండి. వదిలేసిన కన్నాన్ని సిమెంటుతో పూడ్చాలి, లేకపోతే తేమ కడ్డీదాకా పోయి తుప్పు పట్టిస్తుంది.

కిటికీ మూలల్లో ఏటవాలుగా వెంట్రుకంత సన్నని పగుళ్లు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుపోవడం వల్ల వచ్చేవి అవి. గోరు దూరేంత పగులైనా, పగులు వెంట ఇటుకరంగు మరక కారినా ఆ ఫ్లాటు తీసుకునే ముందే రాతపూర్వకంగా చెప్పాలి. మధ్యలో పని ఆగి ఎండకూ వానకూ ఉన్న బ్లాకైతే మెట్ల కింద, బాత్‌రూమ్ పైకప్పులో ఈ మరకల కోసం టార్చి వేసి వెతకండి.

ఎండ విషయంలో పై అంతస్తు వాళ్లకు కష్టమే. నాలుగారంగుళాల కాంక్రీటు గోడ, ఇటుక గోడకంటే తొందరగా వేడెక్కి ఆ వేడిని లోపలికి పంపుతుంది. స్లాబు పగలంతా కాగి సాయంత్రం నుంచి లోపలికి వదులుతుంది కాబట్టి రోహిణి కార్తెలో రాత్రి తొమ్మిదింటికి కూడా ఫ్యాను వేడిగాలే కొడుతుంది. తక్కువ ఖర్చులో పనిచేసేది తెల్ల కూల్‌రూఫ్ పెయింటు, రెండు కోట్లు. వేసేముందు టెర్రస్ మీద నీళ్లు నిలిచే పల్లాలను సరిచేయించాలి, లేకపోతే అక్కడే పెయింటు పెచ్చులుగా లేస్తుంది. ఈ పని ఒక్క ఇంటివాళ్లు చేస్తే ప్రయోజనం సగమే, పైనున్న ఇళ్లన్నీ కలిసి చేయించుకోవాలి. ఎంచుకునే వీలుంటే మొదటి అంతస్తు, రెండో అంతస్తు నయం. లిఫ్టు ఉండదు కనుక ముసలివాళ్లున్న ఇంటికి కింది ఫ్లాటే దారి, కానీ అక్కడ వాన నీళ్ల సంగతి చూసుకోవాలి.

బాత్‌రూమ్‌ను మాత్రం ఊరికే చూసి సరేననొద్దు. నీళ్లు పోయే కన్నాన్ని గుడ్డతో బిగించి, నేల మీద రెండంగుళాల ఎత్తున నీళ్లు నింపి ఒక రోజంతా వదిలేయండి. మర్నాడు కింది ఫ్లాటువాళ్ల పైకప్పు చూడండి. చెమ్మ కనిపిస్తే పైపు చుట్టూ గ్రౌటింగ్ (సందు పూడ్చే పని) సరిగా లేనట్టు. టైల్స్ సందుల్లో తెల్ల సిమెంటు పూస్తే ఆగే రకం కాదది, ట్రాప్ (నీళ్లు పోయే కన్నం కింద వాసన రాకుండా నీళ్లు నిలిచే గిన్నె) చుట్టూ పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ చేయాల్సిందే. ఇది తాళాలు తీసుకోకముందు బయటపడితే కాంట్రాక్టరు పని, దిగాక బయటపడితే పైనవాళ్లకూ కిందవాళ్లకూ తగువు. ఎన్నాళ్లుగానో తాళం వేసి ఉన్న ఫ్లాటులో మురుగువాసన వస్తే భయపడకండి. నేల ట్రాపులో నిలవాల్సిన నీళ్లు ఆవిరైపోయి ఉంటాయి. ప్రతి ట్రాపులో రెండు చెంబుల నీళ్లు పోస్తే పోతుంది. మర్నాటికి కూడా పోకపోతే అప్పుడు పైపు సంగతి చూడాలి.

నీళ్ల లెక్క సులువు. మురుగు కాలువ వ్యవస్థ ఉన్న ఊళ్లలో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్రమాణం. ఇంటికి నలుగురైతే 540 లీటర్లు. 32 ఇళ్ల బ్లాకనుకుంటే రోజుకు 17,280 లీటర్లు. పైన ట్యాంకు సామర్థ్యం కనుక్కుని, రోజుకు ఎన్నిసార్లు నింపుతారో అడిగి గుణించి చూడండి. లెక్క తేలకపోతే వేసవిలో ట్యాంకరే గతి. మోటారు కాలిపోతే ఎవరు బాగుచేయిస్తారన్నది మరీ ముఖ్యం. అసోసియేషన్ లేని బ్లాకులో మోటారు ఆగిన రోజే అసలు కష్టాలు మొదలవుతాయి. బోరునీళ్లైతే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరు పెట్టి చూడండి. 500 దాకా తాగడానికి సరే, వేరే నీళ్లు లేనిచోట 2000 వరకు ఒప్పుకుంటారు, ఆపైన వంటకు కూడా వద్దు. సముద్రం వైపు పోయేకొద్దీ ఉప్పు పెరగడం మన జిల్లాలో మామూలే.

కరెంటు గురించి ఒక్కమాట. ఏసీ పెట్టే ఆలోచన ఉంటే ఆ పాయింటుకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగారో లేదో చూడండి, మీటరు లోడు చాలకపోతే ముందే పెంచుకోండి.

ఇప్పుడు రాకపోకలు. నెల్లూరు పనులన్నీ ఊరి నడుమే: దర్గామిట్టలో పెద్దాసుపత్రి, కలెక్టరేట్, పొగతోటలో ప్రైవేటు ఆసుపత్రులు, స్టోన్‌హౌస్‌పేటలో హోల్‌సేల్ కిరాణా, ట్రంకురోడ్డు దుకాణాలు. అంచు కాలనీల్లో ఉన్నవాళ్లకు పని అక్కడ, పడక ఇక్కడ. నడుమ మోసేది ఎక్కువగా షేర్ ఆటో. దాని మంచి దానిదే: చెయ్యెత్తిన చోట ఆగుతుంది, సందులోకీ వస్తుంది. చెడ్డ ఏమిటంటే నిండితే గానీ కదలదు, చీకటి పడ్డాక జనం పల్చబడితే దొరకదు, దొరికినా ఒంటరిగా బేరమాడుకోవాలి.

లెక్క కోసం ఒక ఆటోకు మనిషికి 20 రూపాయలు అనుకుందాం. నెలకు 26 పనిరోజులు, రానూ పోనూ కలిపి 1,040. ఇంట్లో ఇద్దరు వెళ్తే 2,080. నడుమ ఆటో మారాల్సి వస్తే అదే 4,160. ఇల్లు చవకగా వచ్చిందనుకున్నదంతా ఇక్కడే కరిగిపోతుంది. అందుకే బండి కొంటారు. రోజుకు 16 కిలోమీటర్లు, లీటరుకు 50 వచ్చే బండి, పెట్రోలు లీటరు 110 అనుకుంటే నెలకు 900 పైచిలుకు. ఇద్దరు కూర్చుంటే ఆటోలో సగం కూడా కాదు. ఇలా ఒక్కొక్క ఇల్లూ బండికి మళ్లేకొద్దీ బస్సెక్కే జనం తగ్గుతారు, జనం తగ్గారని ట్రిప్పు తీసేస్తారు, ట్రిప్పు పోయిందని మిగిలినవాళ్లూ బండి కొంటారు. బండి నడపలేని ఆడవాళ్లు, చదువుకునే పిల్లలు, పెద్దవాళ్లు ఆ కాలనీలో చిక్కుకుపోతారు. ఇళ్లు విడతలవారీగా నిండే కాలనీలో ఈ దెబ్బ మరీ ఎక్కువ. మొదట దిగిన వంద ఇళ్లకు బస్సు గిట్టదంటారు, బస్సు రానిదే మిగతా ఇళ్లు నిండవు.

2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన స్త్రీశక్తి పథకం ఈ లెక్కను మార్చేసింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు టికెట్టు సున్నా. ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ చూపి జీరో టికెట్టు తీసుకోవాలి. సూపర్ లగ్జరీకి ఇది వర్తించదు, ఆటోకు అసలే లేదు. అంటే బస్టాపు దగ్గరున్న ఇంట్లో పనికి వెళ్లే ఆడమనిషికి నెలకు వెయ్యి మిగులుతుంది, బస్టాపుకు ఆటోలో పోవాల్సిన ఇంట్లో మిగలదు. రెండు కాలనీల్లో ఒకటి ఎంచుకునే అవకాశముంటే, ఇంటి కొలతకంటే ముందు ఈ నడక కొలవండి. అరకిలోమీటరు లోపైతే ఏడు నిమిషాల్లో చేరతారు, బాగుంది. కిలోమీటరైతే మే నెల మధ్యాహ్నం ఎవరూ నడవరు.

ఈ పరీక్ష ఫోన్‌లో మ్యాపు చూసి చేసేది కాదు. సోమవారం నుంచి శుక్రవారం లోపు ఒక రోజు ఉదయం 7:30 నుంచి 9:30 దాకా కాలనీ దారి మెయిన్ రోడ్డును కలిసే చోట నిలబడండి. ఎన్ని బస్సులు వచ్చాయి, అందులో ఎన్ని ఆగాయి, ఆగినవాటిలో కాలు పెట్టే చోటుందా అని రాసుకోండి. పల్లెల నుంచి నిండుకుని వచ్చే బస్సు అంచు కాలనీ స్టాపులో ఆగకపోవచ్చు, అది లెక్కలోకి రాదు. ఆగే బస్సుల మధ్య ఎడం అరగంటైతే సగటున పావుగంట ఎదురుచూపు. గంటైతే దాన్ని నమ్ముకుని ఉద్యోగం చేయలేరు. ఆ బస్సు ఆత్మకూరు బస్టాండుకు పోతుందా, మెయిన్ బస్టాండుకు పోతుందా అన్నదీ అడగండి. తప్పు బస్టాండులో దిగితే మళ్లీ ఆటోనే. సాయంత్రం ఆఖరి బస్సు వేళ కండక్టరును అడగడం మేలు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు షట్టరు దించి బయటికొచ్చేసరికే రాత్రి తొమ్మిది దాటుతుంది.

వానాకాలం ఇంకో పరీక్ష. నెల్లూరును రైలుకట్ట నిట్టనిలువునా చీల్చింది. ఇటునుంచి అటు పోవాలంటే అండర్ బ్రిడ్జీలే ఎక్కువ. మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు దగ్గరివి గట్టి వానకు నిండిపోతాయి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలవి. మీ దారి ఏ అండర్ బ్రిడ్జి కిందుగా పోతుందో, అది మునిగితే చుట్టు ఎంతో ముందే చూసుకోండి. పెన్న ఒడ్డు కాలనీలకు అసలు గుర్తు 2021 నవంబరు. సోమశిల నుంచి వదిలిన వరదకు భగత్‌సింగ్ కాలనీ వైపు నీళ్లొచ్చాయి, పడుగుపాడు దగ్గర రైలుకట్ట, హైవే రెండూ తెగాయి. 2022 సెప్టెంబరులో ప్రారంభమైన నెల్లూరు బ్యారేజీ సాగునీటికి, రాకపోకలకు కట్టింది. వరద భయం దాంతో తీరిందనుకోవద్దు. కింది ఫ్లాటు తీసుకునేవాళ్లు 2021లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో చుట్టుపక్కల పాత ఇళ్లవాళ్లను అడిగి, ఆ గుర్తుకు మీ గడప ఎంత ఎత్తులో ఉందో చూసుకోవాలి. వరి కయ్యలు పూడ్చి లేపిన చోటైతే పాత కాలువ ఎటు పోయేదో కూడా అడగండి, వాన నీళ్లు ఆ దారిని మరిచిపోవు.

ఇప్పటికే దిగినవాళ్లు బస్సు కోసం అడగాలనుకుంటే ఉత్త వినతిపత్రం కంటే లెక్కలున్న కాగితం పనిచేస్తుంది. ఎన్ని ఇళ్లు నిండాయి, ఉదయం ఏ గంటలో ఎంతమంది ఎటు వెళ్తారు, సాయంత్రం ఎప్పుడు తిరిగొస్తారు, ఇది ఒక పేజీలో రాసి ఆర్టీసీ డిపో మేనేజరుకు ఇవ్వండి. రోజంతా బస్సు వేయమనకుండా ముందు ఉదయం రెండు, సాయంత్రం రెండు ట్రిప్పులు అడగండి. బస్సు తిరగడానికి చోటు చూపించడం మరవొద్దు. 12 మీటర్ల బస్సు మలుపు తిరగాలంటే సుమారు 12 మీటర్ల వ్యాసార్థం కావాలి, బ్లాకుల నడుమ రోడ్డు అందుకు చాలదు. గేటు దగ్గర ఖాళీ స్థలం ఉంటే అది ఆక్రమణ కాకుండా ఇప్పుడే కాపాడుకోవాలి. వేలాడే కేబుల్ వైర్లు పైకి కట్టించాలి. స్థలం తక్కువుంటే 9 మీటర్ల చిన్న బస్సు అడగొచ్చు. 2023లో కేంద్రం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ అనే కరెంటు బస్సుల పథకం పట్టణాల్లో నెల్లూరు కూడా ఉంది, ఆ పథకంలో 7, 9, 12 మీటర్ల బస్సులు మూడూ ఉన్నాయి. అందుకే రూట్లు ఖరారయ్యే లోపే మీ కాలనీ లెక్క అధికారుల బల్ల మీద ఉండాలి. డిపోలో ఇచ్చిన కాగితం నకలును సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇచ్చి, అర్జీ నంబరున్న రసీదు తీసుకుని బ్లాకు మెట్ల దగ్గర అంటించండి, నెల తిరిగాక ఎవరు వెళ్లి అడిగినా ఆ నంబరు చేతిలో ఉంటుంది.