ప్రేడిక్ట్‌ష్టూల్ కేబుల్ కార్: కొన్నేళ్లుగా ఎక్కుతున్నవాడి రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఆల్ప్స్‌లో ఒక్క కేబుల్ కార్ ఎక్కే టైమే ఉందంటే నేను దీన్నే ఎక్కమంటాను. ఎత్తులో, స్పీడులో దీన్ని మించినవి బోలెడున్నాయి. కానీ జర్మనీలో బవేరియాలోని బాడ్ రైఖెన్‌హాల్ ఊరి దగ్గర ప్రేడిక్ట్‌ష్టూల్ కొండకి 1928 జూలై 1న మొదలైన ఈ కేబుల్ కార్ అప్పటి కేబిన్లతో, అప్పటి మూడు కాంక్రీట్ టవర్లతో ఇప్పటికీ జనాన్ని కొండెక్కిస్తోంది. అసలు రూపం చెడకుండా నడుస్తున్న పెద్ద కేబిన్ల కేబుల్ కార్లలో ప్రపంచంలోనే పాతది ఇదే.

మేముండేది మ్యూనిక్‌లో. ఫ్రైలాసింగ్‌లో రైలు మారి కిర్ఖ్‌బెర్గ్ హాల్ట్‌లో దిగితే కింది స్టేషన్‌కి నడిచి వెళ్లిపోవచ్చు, అందుకే ఇండియా నుంచి ఎవరొచ్చినా మా ప్రోగ్రామ్‌లో ఇది ఉండాల్సిందే.

కేబిన్‌కి పన్నెండు ముఖాలు, చుట్టూ కిటికీలు. సుమారు 2,400 మీటర్ల దూరం, 1,100 మీటర్లకు పైగా ఎత్తు, ఎనిమిదిన్నర నిమిషాల్లో పైకి చేరుస్తుంది. గంటకు 18 కిలోమీటర్లే కదా అనుకుంటాం గానీ కింద అడవి, సాలాఖ్ నది, ఊళ్లో ఇళ్లు అలా చిన్నవైపోతుంటే ఆ స్పీడే చాలనిపిస్తుంది.

నాకు అసలు ఇష్టం దీని మెషినరీ. ఒక్కో కేబిన్ దారికి మందపాటి ఉక్కు కేబుల్ ఒకటి కదలకుండా ఉంటుంది, కేబిన్ పైనున్న చక్రాల బండి దాని మీద రైలు పట్టాల మీద నడిచినట్టే నడుస్తుంది. లాగే కేబుల్ వేరు, అది సన్నగా ఉంటుంది. బావి గిలక మీది తాడుకు రెండు చివర్లా బకెట్లు కట్టినట్టు ఒక కేబిన్ ఎక్కుతుంటే రెండోది దిగుతుంది, సరిగ్గా సగం దారిలో రెండూ ఎదురవుతాయి. దీనివల్ల ఒక కేబిన్ బరువును రెండోది చాలావరకు మోసేస్తుంది, మోటారుకు మిగిలేది ఆ తేడా మాత్రమే. సాయంత్రం దిగేవాళ్లే ఎక్కువైనప్పుడు మోటారుకి లాగే పని పోయి, ఆపి పట్టుకునే పని మొదలవుతుంది.

టవర్ దగ్గరికొచ్చేసరికి పైకి చూడండి. అక్కడ కేబుల్ ఒక వంపు తిరిగిన ఆధారం మీద కూర్చుని ఉంటుంది, చక్రాలు ఒకదాని వెనక ఒకటి దాని మీదికెక్కి అవతలికి దిగుతాయి, వాలు మారగానే కేబిన్ కాస్త ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మొదటిసారి ఎక్కినవాళ్లందరూ ఒక్కసారిగా రాడ్ పట్టుకునేది ఇక్కడే. మా అమ్మయితే "ఒరేయ్, ఇంత పాతదాన్ని నమ్మి ఎక్కొచ్చా?" అని నా చెయ్యి వదల్లేదు. ఎక్కొచ్చమ్మా, ఎందుకంటే పాతది డిజైన్, కేబిన్, కట్టడం. కేబుల్స్ అరిగే వస్తువులు కాబట్టి ఏ రోప్‌వేలో అయినా వాటిని అయస్కాంత పరికరంతో పరీక్షిస్తారు, లోపల తీగ తెగినా అందులో తెలిసిపోతుంది, కాలం తీరితే మార్చేస్తారు.

ఆ డిజైన్ గురించి ఒక మాట. కట్టింది లైప్‌జిగ్‌కి చెందిన బ్లైఖెర్ట్ కంపెనీ, పద్ధతి ఇటలీ ఉత్తరాన ఉన్న దక్షిణ టిరోల్ ఇంజనీరు లూయిస్ త్సుయెగ్‌తో కలిసి తెచ్చినది. కేబుల్‌ని ఎంత బిగువుగా లాగి కడితే అంత తక్కువ టవర్లతో పని జరుగుతుందని, స్పీడూ పెంచొచ్చని ఆయన చూపించాడు. ఇంత కొండకి మూడే టవర్లు సరిపోవడం వెనక ఉన్నది అదే. ఆ బిగువు నిలవడానికి అప్పటి పద్ధతిలో కేబుల్ ఒక చివర పెద్ద బరువు వేలాడదీసేవారు. ఇంత పొడవు ఉక్కు 30 డిగ్రీల తేడాకి లెక్క ప్రకారం 80 సెంటీమీటర్ల పైనే సాగుతుంది, ఆ మేరకు బరువు కిందికి దిగుతుంది తప్ప బిగువు మారదు. ఇంత సింపుల్‌గా, ఇంత పక్కాగా ఆలోచించారంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

శ్రీశైలంలో పాతాళగంగకి దిగే రోప్‌వే, వైజాగ్ కైలాసగిరి రోప్‌వే ఎక్కినవాళ్లకి ఇది ఇంకో లోకం, ఎత్తు దగ్గరే తేడా తెలుస్తుంది.

ఇప్పటి కేబిన్లతో పోలిస్తే ఇది చిన్నది కాబట్టి ఎండ కాసే ఆదివారం పొద్దున్నే వెళ్లడం మంచిది. గాలి ఎక్కువుంటే ఏ కేబుల్ కారూ నడవదు, బయల్దేరేముందు చూసుకోండి. పైన స్వెటర్ కావాలి, వేసవిలో అయినా సరే. ఎత్తంటే భయమున్నవాళ్లు లోయవైపు కిటికీ వదిలేసి కొండవైపు నిలబడితే టెన్షన్ సగం తగ్గుతుంది. నాలాగా మెషినరీ మీద ఆసక్తి ఉన్నవాళ్లు మాత్రం దిగేటప్పుడు ముందు కిటికీ దగ్గర చోటు పట్టండి, ఎదురొచ్చే కేబిన్ పైన చక్రాల బండి అక్కణ్నుంచే బాగా కనిపిస్తుంది.