ముఖం అదురుడుకు బొటాక్స్ సూది: కన్ను వరకు హాయి, మూతి దగ్గరే పేచీ

కొన్నేళ్లుగా ఈ సూది వేయించుకుంటున్నాను. కన్ను చుట్టూ వేసే సూదికైతే చేతులెత్తి దండం పెడతాను. మూతి మూలకు దగ్గరగా వేసే సూది మాటెత్తితే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మందు అదే, సీసా అదే. రెండు అంగుళాలు కిందికి దిగేసరికి అంత తేడా.

నాది నిద్ర చాలకో, కాఫీలు ఎక్కువయ్యో రెప్ప కొట్టుకునే రకం కాదు. అది చాలామందికి వస్తుంది, కొన్నాళ్లకు దానంతటదే పోతుంది. నాకు ఎడమ కంటి కింది రెప్ప దగ్గర మొదలై, నెలలు గడిచేకొద్దీ చెంపకు, అక్కడి నుంచి పెదవి మూలకు పాకింది. నిద్రలో కూడా ఆగేది కాదు. ఎడమ కన్ను అదిరితే ఆడదానికి శుభమని మా అత్తగారు మొదట్లో తెగ సంబరపడ్డారు. అది అదిరిన లెక్కన చూస్తే ఈపాటికి అమరావతిలో సగం నా పేరున రిజిస్టరై ఉండాలి.

విజయవాడ సూర్యారావుపేటలో ఒక న్యూరాలజిస్టు నన్ను కూర్చోబెట్టి కాసేపు ఊరికే చూశారు. కన్ను బిగుసుకున్నప్పుడల్లా అదే పక్క కనుబొమ పైకి లేస్తోందని మా ఆయనకు చూపించారు. కావాలని కన్ను మూసుకుంటే కనుబొమ కిందికి దిగాలి. రెండూ ఎదురుబొదురుగా జరుగుతున్నాయంటే ఇది హెమీఫేషియల్ స్పాజమ్, అంటే ముఖంలో ఒక పక్క కండలు వాటంతటవే బిగుసుకునే జబ్బు అని ఆయన అనుమానం. ఎమ్మారై తీస్తే, మెదడు అడుగున ముఖానికి వచ్చే ఏడో నరం బయలుదేరే చోట ఒక రక్తనాళం దాన్ని ఒత్తుతూ కనబడింది. తొడుగు అరిగిన కరెంటు తీగలాగా ఆ నరం తనంతట తానే సిగ్నళ్లు పంపేస్తుంటుందట. టెన్షన్ వల్ల రాదు గానీ, టెన్షన్ పడితే పెరుగుతుంది. నేను లెక్కల టీచర్ని, స్కూల్లో ఇన్‌స్పెక్షన్ రోజున నా ముఖం చూడాలి!

కార్బమాజపిన్ మాత్రలు కొన్నాళ్లు వాడాను. అదురు పెద్దగా తగ్గలేదు గానీ మధ్యాహ్నం పీరియడ్లలో నిద్ర ముంచుకొచ్చేది. ఆ తర్వాతే సూది.

సన్నటి సూదితో కంటి చుట్టూ, చర్మం కింద కొద్దికొద్దిగా పొడుస్తారు. చీమ కుట్టినంత అనను, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కానీ అంతా ఐదు నిమిషాల పని. నరం నుంచి కండకు వెళ్లే కబురును ఈ మందు అక్కడికక్కడ ఆపేస్తుంది. ఆరోజుకు ఏ మార్పూ ఉండదు. మూడు నాలుగు రోజుల నుంచి తగ్గుతూ వచ్చి, రెండు వారాలకు పూర్తిగా పనిచేస్తుంది. మొదటిసారి నేను గమనించింది పేపర్లు దిద్దుతున్నప్పుడు. ఒక కట్ట మొత్తం దిద్దేశాను, మధ్యలో ఒక్కసారి కూడా ఎడమ కన్ను మూసుకుపోలేదు. అంతకుముందు ప్రతి లెక్కకూ వేలితో రెప్ప పట్టుకుని కూర్చునేదాన్ని. మా గుంటూరు బ్రాడీపేట సందుల్లో స్కూటీ మీద ఎదురుగా వచ్చే ఆటోను రెండు కళ్లతో చూడగలగడం ఎంత భాగ్యమో వేరేవాళ్లకు చెప్పినా అర్థం కాదు. కూరగాయలబ్బాయికి కన్ను కొట్టానేమోనన్న బెంగ కూడా తీరింది.

స్టాఫ్ రూమ్‌లో "మేడమ్‌గారు హీరోయిన్ అయిపోతున్నారు" అని ఏడిపించారు. అమెరికాలో ఈ మందుకు 1989లో మొదట అనుమతి ఇచ్చింది మెల్లకన్నుకు, రెప్పల బిగింపుకు. ముడతల కోసం ఇచ్చింది 2002లో. ఈ ముక్క వాళ్లకు చెప్పి చెప్పి విసుగొచ్చి మానేశాను. నిజానికి ఎడమ కంటి పక్క ముడతలు పోయాయి, కుడి పక్కవి అలాగే ఉన్నాయి. ఫోటోకి ఎటు తిరగాలో ఇప్పుడు బాగా తెలుసు.

ఇక అసలు గొడవ. ఒకసారి నా తేదీ వచ్చేసరికి మా డాక్టరుగారు ఊళ్లో లేరు. స్కూలుకు సెలవు పెట్టడం కుదరక గుంటూరులోనే ఇంకో చోట వేయించుకున్నాను. అక్కడాయన నా ముఖం చూసి "చెంప బాగా ఎగురుతోందమ్మా, అక్కడ కూడా గట్టిగా వేసేద్దాం" అన్నారు. మా డాక్టరుగారు మూతి వైపు వెయ్యరు, చెంప మీద కూడా బొట్టు బొట్టే వేస్తారు అని చెప్పాను. విన్నట్టే తల ఊపారు. చెంప మీద, పెదవి మూలకు పైన వరసగా పొడిచారు.

వారం తిరిగేసరికి అదురు పూర్తిగా పోయింది. దాంతో పాటు నవ్వు కూడా పోయింది. నవ్వితే కుడి పక్క ఒక్కటే పైకి లేచేది, ఎడమ పక్క జారిపోయి అలాగే ఉండేది. గ్లాసుతో నీళ్లు తాగితే మూతి మూల నుంచి కారేవి. పప్పుచారు అన్నం తినేటప్పుడు ఒళ్లో తువ్వాలు వేసుకోవాల్సి వచ్చేది. అన్నం ముద్ద చెంపకూ పళ్లకూ మధ్య ఇరుక్కుంటే నాలుకతో తోసుకోవడమే. ఇవన్నీ ఇంట్లో సంగతులు. క్లాసులో అసలు పరీక్ష పెదవులు కలిపే అక్షరాలతో వచ్చింది. ప, బ, మ సరిగ్గా పలకవు. సరిగ్గా ఆ నెలలోనే పదో తరగతికి జ్యామితి నడుస్తోంది. "పర్పెండిక్యులర్ బైసెక్టర్" అనబోతే గాలి, ఉమ్మి తప్ప ఇంకేం రావడం లేదు. పిల్లలు నవ్వలేదు పాపం, అదే ఇంకా బాధ. చివరికి ఒకమ్మాయిని లేపి పాఠం చదివించి, నేను బోర్డు మీద గీతలు గీస్తూ నడిపించాను.

చూసినవాళ్లంతా పక్షవాతం అనుకున్నారు. తెనాలి నుంచి మా పిన్ని హుటాహుటిన వచ్చి, పావురం రక్తం రాస్తే తిరిగి వస్తుందని పట్టుబట్టింది. ఇది జబ్బు కాదు, మందు ఎక్కువైందని మా ఆయన చెప్పినా వినదు. "డబ్బులిచ్చి మూతి వంకర చేయించుకున్నారా!" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. దీనికి విరుగుడు కూడా లేదు, మందు దిగేదాకా ఆగాల్సిందే. కొన్ని వారాలు పట్టింది. ఫోన్ చేస్తే ఆ డాక్టరుగారు "అలా అవుతుందమ్మా, తగ్గిపోతుంది" అన్నారు, అంతే. అవుతుందని సూది ఎత్తకముందు చెప్పాల్సింది కదా.

మా డాక్టరుగారు తర్వాత వివరించారు. మూతిని పైకి లాగే కండలు చెంపలోనే ఉంటాయి, అక్కడ మందు కాస్త ఎక్కువైతే నవ్వు జారుతుంది. చాలామందికి కంటి చుట్టూ వేస్తేనే చెంప అదురు కూడా కొంత నెమ్మదిస్తుందట. నాకు అలాగే జరిగింది. పెదవి మూల అప్పుడప్పుడు చిన్నగా లాగుతుంది. లాగనివ్వండి అన్నాను.

కంటి సూదిని పైన అంతగా పొగిడాను గానీ, అది కూడా మచ్చ లేనిదేం కాదు. రెప్ప గట్టిగా మూసుకోక కన్ను పొడిబారుతుంది, చుక్కల మందు సీసా బ్యాగులో ఉండాల్సిందే. సూది వేసిన రోజు ఆ చోటు రుద్దకూడదు, కొన్ని గంటలు పడుకోకూడదు. విజయవాడ నుంచి నాన్‌స్టాప్ బస్సెక్కితే మంగళగిరి దాటేలోపే నాకు కునుకు పడుతుంది, కిటికీకి చెంప ఆనకుండా మా ఆయన కాపలా. ఒకసారి పై రెప్ప కూడా కాస్త వాలింది, వారం పది రోజుల్లో సర్దుకుంది. మూడు నాలుగు నెలలు పనిచేస్తుందంటారు, అందులో చివరి వారాలు నాకు సగం సగమే. మూడు నెలల లోపు మళ్లీ వెయ్యరు, తరచుగా వేస్తే శరీరం మందును తిప్పికొట్టడం నేర్చుకుంటుందని. ఖర్చు వేలల్లోనే. సీసా 50 లేదా 100 యూనిట్లది వస్తుంది, నాకు అంత అవసరం లేదు. అందుకే మా డాక్టరుగారు ఇద్దరు ముగ్గురు పేషెంట్లను ఒకే రోజు పిలుస్తారు. కలిపిన మందు మర్నాటికి దాచరు.

మరి వేయించుకోమంటానా? నా వయసు యాభై దాటింది, బీపీ ఉంది, పుర్రె తెరిపించుకునే ధైర్యం లేదు. నరానికీ రక్తనాళానికీ మధ్య టెఫ్లాన్ ముక్క పెట్టే ఆపరేషన్ ఉంది. అది కుదిరితే చాలామందికి శాశ్వతంగా పోతుంది. కాకపోతే ఆ పక్క చెవి వినికిడి దెబ్బతినే ప్రమాదం కొద్దిగా ఉంది. వెనక బెంచీ గుసగుసలు వినాల్సిన ఉద్యోగం నాది. ముప్పైల్లో ఉన్నవాళ్లు, జీవితాంతం సూదులు ఎందుకనుకునేవాళ్లు ఆ దారి కూడా డాక్టరును అడగాలి. ముందు ఎమ్మారై చేయించుకుని, వచ్చింది ఇదేనని తేలాలి. రెండు కళ్లూ బిగుసుకుపోయేవాళ్లది వేరే జబ్బు, నా అనుభవం వాళ్లకు సరిపోదు. ఎవరి దగ్గర వేయించుకున్నా, ఎక్కడెక్కడ ఎన్ని యూనిట్లు వేశారో కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం నా దగ్గర ఉండబట్టే మా డాక్టరుగారు ఏం జరిగిందో ఒక్క చూపులో చెప్పగలిగారు.

మాఘమాసంలో మా తమ్ముడి కూతురి పెళ్లి. దానికి నెల ముందు తేదీ పడేలా చూడమని అడిగాను. డాక్టరుగారు ఇంకా ఊ అనలేదు, సీసా పంచుకునే మిగతా ఇద్దరికీ కుదరాలట.