సిమ్యూలియం డామ్నోసమ్‌ను గుర్తించడానికి రూపమా, క్రోమోజోములా, డీఎన్‌ఏనా: ఏది మేలు?

పశ్చిమ ఆఫ్రికా నదీతీరాల్లో మనుషుల చూపు పోగొట్టే రివర్ బ్లైండ్‌నెస్ వ్యాధిని వ్యాపింపజేసే నల్ల ఈగకు 1903లో కీటక శాస్త్రవేత్త థియోబాల్డ్ సిమ్యూలియం డామ్నోసమ్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా దాన్ని ఒకే జాతిగా లెక్కించారు. 1966లో డన్‌బార్ ఉగాండా లార్వాల (ఈగల పిల్ల పురుగుల) క్రోమోజోములను పరిశీలించి ఆ పేరు కింద నాలుగు వేర్వేరు జాతులున్నాయని చూపాడు. 1975లో వజీమే, డన్‌బార్ ఇద్దరూ పశ్చిమ ఆఫ్రికాలోనే ఎనిమిది జాతులను పేరుపేరునా వర్ణించారు. చూపుకు ఒకేలా ఉంటూ, సాధారణంగా ఒకదానితో ఒకటి సంకరం చెందని ఇలాంటి వాటిని సోదర జాతులు అంటారు.

ఈ విభజన వర్గీకరణ శాస్త్రజ్ఞుల ముచ్చట మాత్రమే కాదు. చూపును ఎక్కువగా దెబ్బతీసే పరాన్నజీవి రకాన్ని ప్రధానంగా మోసేవి సవన్నా గడ్డిభూముల్లో ఉండే రెండు సోదర జాతులు: పాత పేరునే నిలుపుకున్న డామ్నోసమ్, సిర్బానమ్. 1974లో మొదలైన ఆంకోసెర్సియాసిస్ (రివర్ బ్లైండ్‌నెస్) నియంత్రణ కార్యక్రమంలో లార్వాలను చంపే మందును వారం వారం విమానాల నుంచి నదుల్లో వదిలేవారు. 1980 ప్రాంతంలో ఐవరీ కోస్ట్‌లో టెమెఫాస్ మందుకు తట్టుకొని నిలిచినవి శాంక్టిపౌలీ, సూబ్రెన్స్ అనే అడవి జాతులు. ఏ నదిలో ఏ జాతి ఉందో తెలియకుండా ఏ మందు వాడాలో తేల్చడం సాధ్యం కాదు.

రూపలక్షణాలతో గుర్తించే పద్ధతికి ఉన్న గొప్ప బలం వేగం. కుట్టడానికి వచ్చిన ఆడ ఈగను పట్టి, రెక్క మొదట్లో ఉండే చిన్న వెంట్రుకల కుచ్చు రంగు చూస్తారు: లేతగా ఉంటే సవన్నా వర్గం, ముదురుగా ఉంటే అడవి వర్గం అని మొదటి అంచనా. దానికి తోడు స్పర్శశృంగాల (తల మీది మీసాల) పొడవును, ముందు కాళ్ల మొదటి ఖండం రంగును చూస్తారు. చవకైన సూక్ష్మదర్శిని ఉంటే నది ఒడ్డునే పని జరుగుతుంది. అయితే ఇది వర్గాన్ని చెబుతుంది గాని జాతిని నిక్కచ్చిగా చెప్పలేదు. కుచ్చులో లేత, ముదురు వెంట్రుకలు కలిసి ఉన్న ఈగలూ దొరుకుతాయి. అలాంటి ఈగకు ఏదో ఒక జాతి పేరు రాసి పెట్టడం కంటే వర్గం పేరుతో ఆపడమే నిజాయితీ. మిగతా సిమ్యూలియం జాతులను వేరు చేయడానికి ఎంతగానో ఉపయోగపడే ప్యూపా (లార్వాకు, ఈగకు మధ్య దశ) మొప్పల తంతువుల అమరిక కూడా ఈ సోదర జాతుల మధ్య పెద్దగా సాయపడదు.

క్రోమోజోముల పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నమైనది. బాగా ఎదిగిన లార్వాను ఉరవడి నీటిలోని రాయి నుంచి తీసి, మూడు పాళ్ల ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో వేస్తారు. లార్వా ఒంటిలోని నీరు ద్రవాన్ని పలుచన చేస్తుంది గనుక దాన్ని వెంటనే మార్చాలి. ఈ ఒక్క విషయంలో అశ్రద్ధ చేస్తే నమూనా అంతా వృథా. తర్వాత పొత్తికడుపులోని పట్టు గ్రంథులకు డీఎన్‌ఏకు అంటే ఫాయిల్గన్ రంగు పట్టించి గాజు పలకపై నొక్కితే, మూడు జతల భారీ క్రోమోజోములు అడ్డపట్టీలతో కనిపిస్తాయి. ఒక ముక్క తలకిందులైన చోట పట్టీల వరుస తిరగబడి ఉంటుంది. ఒకే నదిలో తిరగబడిన వరుస ఉన్నవీ, లేనివీ పక్కపక్కనే ఉంటూ, రెండూ కలిసిన మిశ్రమ లార్వాలు మాత్రం దొరకకపోతే, ఆ రెండు గుంపులు సంకరం చెందడం లేదని తెలుస్తుంది. నా దృష్టిలో ఈ పద్ధతి మొగ్గు ఇక్కడే ఉంది: మిగతావి పోలికను కొలుస్తాయి, ఇది జాతి అనే భావనకు మూలమైన సంతాన సంబంధాన్నే చూపుతుంది. లోపం కూడా చిన్నదేమీ కాదు. ఇది ప్రధానంగా లార్వాలకే పనికొస్తుంది. వ్యాధిని మోసేదేమో ఎదిగిన ఆడ ఈగ. పైగా పట్టీలను చదవడం ఏళ్ల తరబడి అలవాటైతేగాని రాదు, అది వచ్చినవారు చాలా తక్కువ.

డీఎన్‌ఏ పద్ధతికి ఈ అడ్డంకి లేదు. ఈగ కాలు ఒక్కటి చాలు. కానీ జంతు జాతులను గుర్తించడానికి బార్‌కోడ్‌గా వాడే, సుమారు 650 డీఎన్‌ఏ అక్షరాల సీఓఐ అనే జన్యుభాగం, బాగా విడిపోయిన సిమ్యూలియం జాతులను చక్కగా వేరు చేసినా, ఈ దగ్గరి చుట్టాల దగ్గర తడబడుతుంది. అవి ఇటీవలే విడిపోవడం, అక్కడక్కడ సంకరం జరగడం ఇందుకు కారణాలు. పోల్చడానికి పెట్టుకున్న నమూనాకు మొదట పేరు పెట్టింది క్రోమోజోముల ఆధారంగానే అన్న సంగతి కూడా మరువరాదు. అయితే ఈగలో ఉన్న పరాన్నజీవి రివర్ బ్లైండ్‌నెస్‌ను కలిగించే ఆంకోసెర్కా వోల్వులస్ అనే పురుగేనా అని తేల్చడంలో డీఎన్‌ఏకు సాటి లేదు.

కాబట్టి రోజువారీ పట్టివేతల లెక్కకు రూపం చాలు. ఈగ వ్యాధిని మోస్తోందా అన్నదానికి డీఎన్‌ఏ కావాలి. కొత్త నదిలో ఏ జాతులున్నాయో మొదటిసారి నిర్ధారించేటప్పుడు మాత్రం క్రోమోజోములకే నా ఓటు. వీలైతే ఒకే లార్వా పొత్తికడుపును క్రోమోజోములకు వాడి, మిగతా భాగాన్ని డీఎన్‌ఏకు కేటాయించి, రెంటికీ ఒకే సంఖ్య రాసి భద్రపరచాలి.