రెండేళ్ల లాంజ్ సభ్యత్వం: ఖాతా పుస్తకంలో తేలిన లెక్క

ఔషధ కర్మాగారాలలో మాత్రలు అచ్చు వేసే యంత్రాలను బిగించి, నడిపి చూపించి, అప్పగించి రావడం నా ఉద్యోగం. మా వర్క్‌షాపు జీడిమెట్లలో ఉన్నా, ఏడాదిలో మూడు నాలుగు నెలలు నేను అమ్మాన్‌లోనో, నైరోబీలోనో, దారెస్సలాంలోనో ఉంటాను. టికెట్టు కంపెనీ కొంటుంది. అన్నిటికంటే చవకైనది చూసి కొంటుంది కాబట్టి దుబాయ్‌లోనో దోహాలోనో ఐదారు గంటలు ఆగవలసిన ప్రయాణాలే ఎక్కువగా నా వంతుకు వస్తాయి. తిండికి రోజువారీ భత్యం ఇస్తారు కానీ విమానాశ్రయంలో కూర్చోవడానికీ, తినడానికీ ఉండే లాంజ్ ఖర్చు మాత్రం నా జేబులోంచే పోవాలి. అందుకే 2024లో, ఏడాది రుసుము కడితే అనేక దేశాల విమానాశ్రయ లాంజ్‌లలోకి ప్రవేశం ఇచ్చే ప్రయారిటీ పాస్ సభ్యత్వం తీసుకున్న రోజు నుంచి ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, లాంజ్‌లో అడుగుపెట్టిన ప్రతిసారీ ఏ ఊరిలో, ఎన్ని గంటలు, ఏమి తిన్నాను, అదే బయట కొనుక్కుంటే ఎంతయ్యేది అన్న నాలుగు సంగతులు రాస్తూ వచ్చాను. ఈ సమీక్ష ఆ పుస్తకం ముందు పెట్టుకుని రాస్తున్నది.

అంతకు ముందు నాలుగేళ్లు నాకు ఈ ఆలోచనే రాలేదు, ఎందుకంటే బ్యాంకు కార్డుతో లాంజ్ ఉచితంగా దొరికేది. మన దేశంలోని లాంజ్‌లలో రూపే కార్డు గీకితే 2 రూపాయలు పోయేవి, ఇడ్లీ, ఉప్మా, కాఫీ తీసుకుని కూర్చునేవాళ్లం. ఆ రోజులు క్రమంగా వెనకబడుతున్నాయి. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2023 డిసెంబరు 1 నుంచి రెగాలియా, మిలీనియా కార్డులకు త్రైమాసికంలో లక్ష రూపాయల ఖర్చును షరతుగా పెట్టింది. ఐసీఐసీఐ బ్యాంకు 2024 ఏప్రిల్ 1 నుంచి అనేక కార్డులకు అంతకు ముందు త్రైమాసికంలో 35,000 రూపాయలు ఖర్చు చేసి ఉండాలని నిర్ణయించింది. 2025 సెప్టెంబరులో డ్రీమ్‌ఫోక్స్ సంస్థ దేశీయ లాంజ్ సేవలను నిలిపివేసింది. కార్డుకూ లాంజ్‌కూ మధ్య నిలిచే మధ్యవర్తి ఎంత ముఖ్యమో చాలామందికి అప్పుడే తెలిసింది. నా కార్డుకు కూడా ఇలాంటి షరతే వచ్చింది. లాంజ్ కోసం అవసరం లేని వస్తువులు కొనడం నాకు ఇష్టం లేకపోయింది, అందుకే డబ్బు కట్టి సభ్యత్వం తీసుకోవడమే నయమనుకున్నాను.

నేను చేరేనాటికి మూడు తరగతులు ఉన్నాయి. స్టాండర్డ్‌కు ఏడాదికి 99 డాలర్లు కట్టాలి, దానిపైన వెళ్లిన ప్రతిసారీ 35 డాలర్లు. స్టాండర్డ్ ప్లస్‌కు 329 డాలర్లు, అందులో పది సందర్శనలు ఉచితం, పదకొండోదాని నుంచి 35 డాలర్లు. ప్రెస్టీజ్‌కు 469 డాలర్లు, అందులో మనకు ఎన్నిసార్లయినా ఉచితం. ఏ తరగతిలోనైనా వెంట వచ్చేవారికి మనిషికి 35 డాలర్లు వేరుగా కట్టాలి. కాగితం మీద వేసి చూస్తే, ఏడాదికి ఆరు సార్ల వరకు వెళ్లేవారికి స్టాండర్డ్ తక్కువలో పోతుంది, ఏడు నుంచి పదమూడు వరకు స్టాండర్డ్ ప్లస్ నయం, పద్నాలుగు దగ్గర ప్లస్, ప్రెస్టీజ్ రెండూ సరిగ్గా ఒకే ధరకు వస్తాయి. ఈ లెక్కలో పొరపాటు లేదు. కానీ నేను దీన్నే నమ్ముకుని నిర్ణయించడం పొరపాటైంది, ఎందుకంటే ఇది మూడు తరగతులలో ఏది నయమో చెబుతుంది గానీ, అసలు ఏదైనా తీసుకోవాలా అన్నది చెప్పదు. రూపాయల్లోకి మార్చేటప్పుడు మరో సంగతి మరిచిపోకూడదు: చాలా కార్డుల మీద విదేశీ చెల్లింపుకు మూడున్నర శాతం రుసుము, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ పడతాయి.

మొదటి ఏడాది స్టాండర్డ్ ప్లస్ తీసుకున్నాను. నేను పదకొండు సార్లు, నాతోపాటు అమ్మ రెండు సార్లు లాంజ్‌కు వెళ్లాం. అంతా కలిపి 434 డాలర్లు. రుసుములతో దాదాపు 37,700 రూపాయలు. ఇక పుస్తకంలోని నాలుగో వరుస, అంటే లాంజ్ లేకపోతే నేను నిజంగా ఖర్చు పెట్టి ఉండేది ఎంత అన్న అంచనా, మొత్తం 28,600 రూపాయలు. ఇక్కడ నేను కచ్చితంగా ఉండటానికి ప్రయత్నించాను. లాంజ్‌లో పన్నెండు రకాల పదార్థాలు పెట్టారు కదా అని వాటి ధరలన్నీ కూడలేదు. బయట ఉంటే ఒక శాండ్‌విచ్, ఒక టీ, ఒక నీళ్ల సీసాతో సరిపెట్టుకునేవాణ్ణి కాబట్టి వాటి ధరే రాశాను.

మన దేశంలోని విమానాశ్రయాలలో వెళ్లిన నాలుగు సార్లకు కలిపి విలువ 2,600 రూపాయలకు మించలేదు. శంషాబాద్‌కు ఇంటి నుంచి గంటన్నరలో చేరుకుంటాను, ఇంట్లో తినే బయలుదేరతాను, భద్రతా తనిఖీ అయ్యాక మిగిలేది నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలకు ఒక కప్పు కాఫీ, గిన్నెడు పొంగలి చాలు. దానికి మూడు వేల రూపాయల సందర్శన ఒకటి ఖర్చు చేయడం దండగ. గల్ఫ్ విమానాలు ఎక్కువగా తెల్లవారుజామున బయలుదేరతాయి కాబట్టి అర్ధరాత్రి దాటాక లాంజ్‌లలో రద్దీ కూడా ఎక్కువే ఉంటుంది. దేశీయ ప్రయాణాల కోసమే సభ్యత్వం కొనాలనుకునేవారికి నా సలహా సూటిగా ఇదే: కొనవద్దు.

దారిలో ఆగవలసి వచ్చే ఊళ్ల సంగతి పూర్తిగా వేరు. అమ్మాన్‌లో ఒకసారి యంత్రం అప్పగింత ఆలస్యమై, కర్మాగారం నుంచి నేరుగా విమానాశ్రయానికి వెళ్లవలసి వచ్చింది. పైన కవరాల్ వేసుకున్నా మాత్రల పొడి జుట్టులోనూ గోళ్ల సందుల్లోనూ చేరుతుంది. చేదు వాసన ఒకటి చొక్కాను పట్టుకుని వదలదు. దుబాయ్‌లో దిగేసరికి పక్క సీటు మనిషికి ఇబ్బంది కలిగిస్తున్నానన్న బాధ నన్ను తినేస్తోంది. లాంజ్‌లో స్నానాల గది కోసం పేరు రాయించుకుని ఇరవై నిమిషాలు ఆగాను. తువ్వాలు, చిన్న సబ్బు, షాంపూ పొట్లం చేతికిచ్చారు. వేడినీళ్లు తల మీద పడ్డప్పుడు పాదాల దగ్గర తెల్లగా పారిన నీళ్లు ఇప్పటికీ కళ్ల ముందున్నాయి. ఉతికిన చొక్కా వేసుకుని, పప్పూ అన్నం తిని, ల్యాప్‌టాప్ తెరిచి సైటు నివేదిక అక్కడే పూర్తి చేశాను. పుస్తకంలో ఆ సందర్శనకు 4,000 రూపాయలు వేశాను. నిజానికి అది తక్కువే.

అమ్మ సంగతి కూడా చెప్పాలి. 2024 మే నెలలో చెల్లెలి దగ్గర దిగబెట్టడానికి అమ్మను దోహా మీదుగా డాలస్ తీసుకువెళ్లాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు, చక్కెర వ్యాధి; వేళకు తిని మాత్ర వేసుకోవాలి. దోహాలో దాదాపు ఏడు గంటలు ఆగాలి. చాలా లాంజ్‌లలో మూడు గంటలకు మించి ఉండనివ్వరు కాబట్టి, వెళ్లగానే లోపలికి దూరిపోవడం తెలివైన పని కాదని అప్పటికే నేర్చుకున్నాను. హమద్ విమానాశ్రయంలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ విడివిడిగా విశ్రాంతి గదులు ఉచితంగానే ఉన్నాయి. మధ్యలో ఉన్న పెద్ద పసుపు ఎలుగుబంటి బొమ్మను గుర్తుగా పెట్టుకుని, అమ్మ మొదటి మూడు గంటలూ అక్కడే నడుం వాల్చింది. ఆ తర్వాత లాంజ్‌కు వెళ్లాం. అన్నం, పప్పు, పెరుగు దొరికాయి. అమ్మ ముఖం కడుక్కుని, సంచిలోంచి చిన్న అద్దం తీసి బొట్టు దిద్దుకుని, కాళ్ల కింద మరో కుర్చీ వేయించుకుని కూర్చున్నాక, "ఇంతకీ దీనికెంత కట్టావురా?" అని అడిగింది. నా వంతు పదింటిలో పోతుంది, నీకు దగ్గర దగ్గర మూడు వేలు అన్నాను. కాసేపు ఊరుకుని, "కాళ్లు చాపుకోనిచ్చారు, పోనీలే నాయనా" అంది. డాలస్‌లో దిగేటప్పుడు ఆమె పాదాలు నేను భయపడినంతగా వాయలేదు. తొమ్మిది వేలు నష్టం వచ్చినట్టు లెక్క తేలిన ఆ ఏడాదిని నేను నష్టంగా భావించకపోవడానికి ఈ రెండు మజిలీలే కారణం.

సభ్యత్వం చేతిలో ఉందంటే తలుపు తెరుచుకుంటుందని అర్థం కాదు. నిండిపోయినప్పుడు సభ్యులను ఆపే హక్కు లాంజ్‌కు ఉంటుంది, నిబంధనల్లోనూ అలాగే ఉంది. విదేశంలో ఒక పెద్ద విమానాశ్రయంలో వరుసగా మూడు ప్రయాణాలలో నన్ను తలుపు దగ్గరే ఆపేశారు. బల్ల మీద చిన్న బోర్డు పెట్టి, బిజినెస్ తరగతి టికెట్టు ఉన్నవారిని మాత్రమే లోపలికి పంపుతున్నారు. మూడోసారి నలభై ఐదు నిమిషాలు నిలబడి, చివరకు పక్కన ఉన్న దుకాణంలో కాఫీకి వేరుగా డబ్బు పెట్టాను. డబ్బు ముందే కట్టించుకున్న చోట "స్థలం లేదు" అన్న మాట వినడం బాధగానే ఉంటుంది. అప్పటినుంచి రద్దీ వేళల్లో ఆ ఊరి లాంజ్‌ను నా లెక్కలో సున్నా కిందే కట్టాను. ఏ ఊరిలో ఏ లాంజ్ ఈ జాబితాలో ఉందో కూడా శాశ్వతం కాదు. లాంజ్‌లు నడిపే ప్లాజా ప్రీమియం సంస్థ 2021 జులైలో ప్రయారిటీ పాస్ నుంచి వైదొలిగినప్పుడు ఎన్నో ఊళ్లలో ఒక్కరోజులో పరిస్థితి మారిపోయింది. ప్రపంచంలో మొత్తం ఎన్ని లాంజ్‌లు ఉన్నాయన్న అంకెతో మనకు పని లేదు. మనం దిగే రెండు మూడు టెర్మినళ్లలో, మనం దిగే వేళకు తెరిచి ఉండేది ఉందా అన్నదే చూసుకోవాలి.

కొత్తవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. చాలా లాంజ్‌లలో బోర్డింగ్ ప్రకటనలు వినిపించవు. దుబాయ్ మూడో టెర్మినల్‌లో 'బి' కాంకోర్సులో (గేట్లుండే భవనాన్ని అలా అంటారు) కూర్చుని నిశ్చింతగా ఉండగా, నా గేటు 'ఎ' కాంకోర్సులో ఉందని తెర మీద చూశాను. అక్కడికి రైలెక్కి వెళ్లాలి. విమానం బయలుదేరడానికి 20 నిమిషాల ముందే గేటు మూసేస్తారు. ఆ రోజు చివరి ప్రయాణికుణ్ణి నేనే. అప్పటినుంచి కూర్చోగానే ఫోనులో అలారం పెట్టుకుంటున్నాను.

రెండో ఏడాది, 2025లో, ఆలోచించకుండా రెన్యువల్ చేశాను. డాలరు పెరగడంతో అదే 329 డాలర్లకు రుసుములతో 29,500 రూపాయల దాకా అయింది. ఆఫ్రికా ఆర్డర్లు తగ్గి, ప్రయాణాలు సగానికి పడిపోయాయి. మొత్తం ఆరు సార్లు వెళ్లాను, అందులో రెండు మన దేశంలోనే. ఒక్కో సందర్శన దాదాపు 4,900 రూపాయలు పడినట్టు. పుస్తకంలో రాసిన విలువ మొత్తం 13,000. వాడని నాలుగు సందర్శనలు తర్వాతి ఏడాదికి రాలేదు. డిసెంబరులో ఒకసారి, అవి వృథా అవుతాయేమోనని ఆకలి లేకపోయినా లాంజ్‌కు వెళ్లి కూర్చున్నాను. ఆ రోజు పేజీలో "అవసరం లేదు" అని రాసి కింద గీత గీశాను. కట్టిన డబ్బు రాబట్టుకోవడానికి వెళ్లడం మొదలుపెట్టానంటే, సభ్యత్వం నాకు సేవ చేయడం మానేసిందని అప్పుడే గ్రహించి ఉండవలసింది.

నా అనుభవంలో సరైన కొలత సందర్శనల సంఖ్య కాదు, ఇంటికి దూరంగా బలవంతంగా గడపవలసిన గంటలు. రాబోయే పన్నెండు నెలల్లో, నాలుగు గంటలకు మించిన విదేశీ మజిలీలు కనీసం తొమ్మిది పది వస్తాయని చేతిలో ఉన్న పనుల పట్టికను చూసి చెప్పగలిగినవారు స్టాండర్డ్ ప్లస్ తీసుకోవచ్చు. నెలకు రెండుసార్లు అలా తిరిగేవారికి ప్రెస్టీజ్ నిస్సందేహంగా గిట్టుబాటు అవుతుంది. ఏడాదికి ఇరవై నాలుగు సార్లంటే ఒక్కోదానికి ఇరవై డాలర్లలోపే పడుతుంది. స్టాండర్డ్ తరగతిని మాత్రం నేను ఎవరికీ చెప్పలేను. లోపలికి వెళ్లే ప్రతిసారీ 35 డాలర్లు కడుతూ, ఆ కట్టే హక్కు కోసం ముందుగా మరో 99 డాలర్లు ఇవ్వడం నాకు అర్థం కాలేదు, ఎందుకంటే చాలా లాంజ్‌లు ఒక్కసారి ప్రవేశాన్ని ఎవరికైనా నేరుగా అమ్ముతాయి. ఏడాదికోసారి పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లి వచ్చే తల్లిదండ్రులకు కూడా సభ్యత్వం కంటే ఆ ఒక్క మజిలీకి ముందుగా కొనుక్కోవడమే మేలు.

నా సభ్యత్వానికి దానంతట అదే రెన్యువల్ అయ్యే ఏర్పాటు ఉంది. గడువు ముగియడానికి నెల ముందే దాన్ని ఆపేశాను. చెల్లెలి దగ్గరకు అమ్మ మళ్లీ ఏప్రిల్‌లో వెళుతోంది, ఈసారీ నేనే తీసుకువెళ్తున్నాను, ఈసారీ దోహా మీదుగానే. అక్కడ ఇద్దరికీ మూడు గంటలకు విడిగా ప్రవేశం కొన్నాను. మొదటి మూడు గంటలు ఎలుగుబంటి బొమ్మ దగ్గరి విశ్రాంతి గదిలోనేనని అమ్మకు ముందే చెప్పాను.