ఆల్చిప్ప తొలిచే పురుగు: సూక్ష్మదర్శినా, డీఎన్ఏ పరీక్షా?

నిజాంపట్నం తీరం నుంచి గుంటూరు కాలేజీ ల్యాబుకు తెచ్చిన ఆల్చిప్పల లోపలి గోడ మీద నల్లటి బురద బొబ్బలుంటే మొదట అనుమానించాల్సింది పాలిడోరా, దాని దగ్గరి పాలీకీట్లను (ఒంటి పక్కల బిరుసు వెంట్రుకలుండే సముద్రపు పురుగులు). ఇవి మాంసం తినవు, పెంకు తొలిచి గూడు కడతాయి. అందుకే వీటిని పూర్తి పరాన్నజీవులు అనడం సరికాదు.

ఏ పురుగో తేల్చడానికి సూక్ష్మదర్శిని దారి చవక, ప్రజాతి (జీనస్) వరకు నమ్మదగ్గది. పెంకును పటకారుతో విరిచి, పురుగును 7 శాతం మెగ్నీషియం క్లోరైడ్‌లో కదలిక ఆగేదాకా ఉంచాలి. ఈ పని వదిలేస్తే పురుగు ముడుచుకుపోయి ఖండితాల (ఒంటి ఉంగరాల) లెక్క తప్పుతుంది. తర్వాత 10 శాతం ఫార్మలిన్. అసలు ఆనవాలు శూకాలు (బిరుసు వెంట్రుకలు) ఉన్న ఐదో ఖండితం: మిగతావాటికన్నా పెద్దది, దాని శూకాలు మందంగా ముళ్లలా ఉంటాయి. మొప్పలు దానికి ముందే, రెండో ఖండితం నుంచి మొదలైతే బొకార్డియా. ఏడు నుంచి గానీ ఆ తర్వాత గానీ అయితే పాలిడోరా లేదా డైపాలిడోరా. తల లేని ముక్కతో ఇదేదీ తేలదు.

డీఎన్ఏకు ముక్క చాలు, కానీ ఫార్మలిన్ తగలకూడదు. 95 శాతం ఇథనాల్‌లో వేసి, మర్నాడు ద్రవం మార్చాలి. మన ఎండలకు ఇథనాల్ ఆవిరైపోతుంది, మూత బిగించి ఫ్రీజర్‌లో పెట్టండి. ఆల్చిప్ప కణజాలం అంటుకుంటే వచ్చే సీక్వెన్స్ ఆల్చిప్పదే కావచ్చు. జాతి గుర్తింపుకు వాడే సీఓఐ జన్యువు మామూలు ప్రైమర్లు (ఆ జన్యు భాగాన్ని పట్టి నకళ్లు తీయించే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఈ కుటుంబంలో తరచు పనిచేయవు, 16ఎస్, 18ఎస్ జన్యువుల ప్రైమర్లు కూడా సిద్ధంగా ఉంచుకోవాలి.

జాతి దాకా వెళ్లాలంటే ఒకే పురుగును రెండింటికీ వాడడం మేలు: మధ్య భాగం ఇథనాల్‌కు, తల, తోక ఫార్మలిన్‌కు, అన్ని సీసాలకూ ఒకే నంబరు.