అల్మరాలో జిగురు కార్డు: మూడేళ్లు వాడాక

ఉన్ని బట్టలకు పట్టే చిమ్మటల కోసం పెట్టే జిగురు కార్డు ఇది. ఆ పురుగు ఎక్కడి నుంచి వస్తోందో ఈ కార్డు చూపించింది. ఆ ఒక్క మేలు కోసమే మూడేళ్లుగా కొంటున్నాను.

మాది విశాఖలో ఎంవీపీ కాలనీ, మూడో అంతస్తు. ఈ ఊళ్లో ఉన్ని బట్టలతో పని ఏడాదికి నాలుగైదు రోజులే, అదీ డిసెంబరులో అరకుకో లంబసింగికో వెళ్తేనే. మిగతా రోజులన్నీ అవి అల్మరా పై అరలో, చీకట్లో, కదిలించేవాళ్లు లేకుండా పడి ఉంటాయి. చిమ్మటకు అంతకంటే మంచి చోటు దొరకదు. 2022 డిసెంబరులో అమ్మ శాలువా తీసి దులిపి వెలుతురుకు పట్టుకుంటే జల్లెడలా కనిపించింది. అమ్మ పోయాక నాకు మిగిలిన ఆమె బట్టల్లో అదొకటి. ఆ రోజు అన్నం సహించలేదు.

కలరా ఉండలు వేసే ఉన్నాయి. కానీ వాటి ఆవిరి బిగుతుగా మూసిన పెట్టెలో నిండితేనే పని చేస్తుంది. మా అల్మరా తలుపు సరిగా పడదు, వాసన గదిలోకి వచ్చేస్తుంది తప్ప లోపల నిలవదు.

అప్పుడు తెప్పించాను ఈ కార్డులు. మధ్యలో ఆడ చిమ్మట వాసన ఉన్న బిళ్ల ఉంటుంది, దానికోసం వచ్చిన మగవి జిగురుకు అంటుకుంటాయి. మొదటి వారంలోనే తొమ్మిది పడ్డాయి. బియ్యపు గింజంత పొడవు, ఎండుగడ్డి రంగు, కాస్త బంగారు మెరుపు. ఇంక పీడ వదిలిందని మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ చెప్పేశాను.

రెండో నెలలో నాలుగు కార్డులు కొని నాలుగు చోట్ల పెట్టాను, ఒక్కోదాని మీద పెన్నుతో తేదీ వేశాను. ఉన్ని బట్టలున్న అల్మరాలో మూడు పడ్డాయి. పిల్లల గదిలో కిటికీ పక్కన పెట్టిన దాని మీద పద్నాలుగు! ఆ గదిలో ఉన్ని పోగు ఒక్కటీ లేదు. మంచం జరిపాను, పరుపు ఎత్తాను, పుస్తకాలన్నీ దించాను. ఏమీ లేదు. రెండు వారాలు ఒకటే టెన్షన్. చివరికి ఏసీ సర్వీసుకు వచ్చిన అబ్బాయి బయటి యూనిట్ వెనక పావురాల పాత గూడు ఉందన్నాడు. మూతికి గుడ్డ కట్టుకుని దాన్ని లాగితే ఈకల మధ్య సన్నటి పట్టు గొట్టాలు, వాటిలో తెల్లటి పురుగులు. ఈక, ఉన్ని, వెంట్రుక అన్నిట్లో ఉండేది కెరటిన్ అనే పదార్థమే, ఈ పురుగుల తిండి అదే. ఏసీ గొట్టం కోసం గోడకు వేసిన రంధ్రం పూడ్చకుండా వదిలేశారు, దాంట్లోంచే లోపలికి వచ్చేవి. గూడు తీయించి, రంధ్రానికి వైట్ సిమెంట్ పెట్టించాను. తర్వాతి నెల ఆ కార్డు మీద మూడు, ఆ పై నెల ఒక్కటి.

పీడ వదిలిందన్న మాట మాత్రం ఇప్పుడు అనను. కార్డుకు పడేవి మగవే. అప్పటికే జతకట్టిన ఆడది మడతల్లో గుడ్లు పెడుతూనే ఉంటుంది. పైగా రెక్కలొచ్చిన చిమ్మట అసలు ఏమీ తినదు, చిల్లులు పెట్టేది దాని పిల్ల పురుగు. అది కార్డు వైపే రాదు. అందుకే ఉన్ని బట్టలన్నీ పాలిథిన్ కవర్లలో చుట్టి రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉంచాను, తర్వాత ఎండలో వేశాను. బట్టల్ని కాపాడింది ఆ పనే.

మా వదిన ఒక కార్డు తీసుకెళ్లి రవ్వ డబ్బా దగ్గర పెట్టింది, ఒక్కటీ పడలేదు. రవ్వలో, బియ్యంలో గూళ్లు కట్టేది వేరే జాతి, దానికి ఈ వాసన పట్టదు. గోడల మీద గుమ్మడి గింజలాంటి బూడిదరంగు గూడుతో పాకే పురుగుకు కూడా ఇది పనికిరాదు. ఈ సముద్రపు తేమకి అవి మా ఇంట్లో బోలెడు. వాటికి బూజుకర్రే దిక్కు.

కిటికీ పక్కన పెడితే దుమ్ముకి నెలలోనే జిగురు పోతోంది, ప్యాకెట్ మీద మాత్రం మూడు నెలలని ఉంటుంది. పోయిన వానాకాలం ఒక బల్లిపిల్ల దీనికి అంటుకుపోయింది. దూదితో వేరుశనగ నూనె అద్దుతూ పావుగంట కూర్చుంటే గాని వదల్లేదు, తోక తెగిపోయింది. ఆ తర్వాత తలుపు మూసే చోట తప్ప బయట పెట్టడం లేదు.

ఇంట్లో పట్టుచీరలే ఉండి, వాటిని నెలకోసారి తీసి మడత మార్చే అలవాటు ఉన్నవాళ్లకు ఇది కొనమని చెప్పలేను. మాలా పావురాలు వాలే ఫ్లాట్ అయి, పురుగు ఎక్కడిదో తెలియక తిరుగుతుంటే మాత్రం ఒకటి కాకుండా నాలుగు కొనండి, గదికొకటి పెట్టి లెక్క రాసుకోండి.

అమ్మ శాలువాకు రఫ్ఫు చేయించాను. దారం రంగు కలవలేదు. ఈసారి అరకు వెళ్తే అదే కప్పుకుంటాను.